‘విశ్వసనీయ వర్గాల’ పేరు చెప్పండి

ఈ దేశంలో ప్రభుత్వ రహస్యాలు రెండు రకాలు. ప్రభుత్వాన్ని కాపాడే రహస్యాలు, ముస్లింను పట్టించే రహస్యాలు. మొదటిరకం బీరువాల్లోంచి కదలవు. కోర్టులడిగినా, శాసనసభ అడిగినా, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టినా కదలవు. రెండోరకానికి మాత్రం కాళ్ళుంటాయి. ఎఫ్.ఐ.ఆర్. మీద సిరా ఆరకముందే పత్రికాఫీసులకు నడిచిపోతాయి. తెల్లారేసరికి ఒక కుర్రాడి పేరు, అతని గల్లీ పేరు, అబ్బా పేరు, చదివిన మదర్సా పేరు మొదటిపేజీలో వుంటాయి. వార్త చెప్పినవాడి పేరు ఒక్కటే వుండదు. అక్కడ ‘విశ్వసనీయ వర్గాలు’ అని వుంటుంది.

ఎవరీ వర్గాలు? వీళ్ళను విశ్వసించినదెవరు? ఇంటెలిజెన్స్ ఫైలు ప్రభుత్వ ఆస్తి. దాన్ని బయటపెట్టినవాడిని శిక్షించడానికి 1923 నుంచీ అధికార రహస్యాల చట్టం వుంది. ఆ చట్టాన్ని తెల్లదొర చేస్తే నల్లదొర భద్రంగా దాచుకున్నాడు. అయినా పోలీసు విచారణ గదిలో జరిగిన మాట మర్నాడు టీవీలో వస్తే ఏ హోం మంత్రీ ‘నా శాఖలోంచి ఇది ఎలా పోయింది’ అని అడగడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఈశ్వరుడి దాకా పోనక్కర్లేదు. ఇంటాయన తలుపు తీసిపెట్టాడు. అందుకే దొంగ దొరకడు.

లీకు అంటే ఏమిటో మా జవహర్‌నగర్‌లో వుండేవాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. హైదరాబాద్ మహానగరం తిని పారేసిందంతా ఏళ్ళ తరబడి ఇక్కడికే వచ్చి గుట్టలైంది. ఆ గుట్టల్లోంచి కారిన నల్లనీళ్ళు మల్కారం చెరువును విషం చేశాయి, బోర్లలోకి దిగాయి. ఆ నీళ్ళు ఎప్పుడూ కిందికే పారతాయి. బంజారాహిల్స్ మీదికి ఎక్కవు. ప్రభుత్వ లీకు కూడా అంతే. పైన కూర్చున్నవాళ్ళ అవసరం కోసం మొదలై కిందివాడి ఇంటి ముందు ఆగుతుంది. జవహర్‌నగర్ వంటి శివారు బస్తీల్లో అర్ధరాత్రి కార్డన్ సెర్చ్ పేరుతో వందల మంది పోలీసులు గల్లీల్ని చుట్టుముట్టినప్పుడు, మర్నాడు ‘అనుమానితులు’ అనే ఒక్కమాటతో వార్త వచ్చినప్పుడు, ఆ మాట ఎవరి గుమ్మం ముందు నిలబడుతుందో ఇక్కడివాళ్ళకు తెలుసు. మరుసటి నెల ఇంటి ఓనరు గది ఖాళీ చెయ్యమంటాడు. కారణం చెప్పడు. చెప్పాల్సిన అవసరం లేకుండా వార్తే చెప్పేసింది.

ఇది ఊహతో చేస్తున్న ఆరోపణ కాదు. మన కళ్ళముందు జరిగిన చరిత్ర వుంది.

2007 మే 18, శుక్రవారం. మక్కామసీదులో జుమా నమాజుకు వేలమంది చేరినప్పుడు బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. ఆ తరువాత బయట ఆగ్రహంతో వున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. మరో అయిదుగురు చనిపోయారు. నమాజు చదవడానికి వెళ్ళినవాడు బాంబుకు పోయాడు. బాంబు ఎవరు పెట్టారని అడగబోయినవాడు తుపాకికి పోయాడు. రక్తం ఆరకముందే ‘వర్గాలు’ మాట్లాడటం మొదలుపెట్టాయి. సరిహద్దు అవతలి సంస్థల పేర్లు, పాతబస్తీ కుర్రాళ్ళ పేర్లు కలిపి కథలొచ్చాయి. ముస్లింలే తమ మసీదులో, తమ నమాజు వేళ, తమ వాళ్ళనే చంపుకున్నారని నమ్మడానికి ఈ సమాజానికి ఒక్క పూట కూడా పట్టలేదు.

అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలి నలభై మందికి పైగా పోయారు. ఇక వేట మొదలైంది. యునానీ వైద్యం చదివే విద్యార్థి, ఆటో నడిపేవాడు, సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేసేవాడు... ఎవరు దొరికితే వాళ్ళని ఎత్తుకుపోయారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ పంపిన అడ్వకేట్ కమిషనర్ ఎల్. రవిచందర్ జైలుకు వెళ్ళి ఆ కుర్రాళ్ళతో మాట్లాడి నివేదిక ఇచ్చారు. శివార్లలోని ఫాంహౌసుల్లో పెట్టి కొట్టారనీ, కరెంటు షాకులు పెట్టారనీ వాళ్ళు చెప్పిన మాటలు అందులో రికార్డయ్యాయి.

ఇక్కడొక సంగతి జాగ్రత్తగా గమనించాలి. మక్కామసీదు పేలుడు కేసు 2007 జూన్‌లోనే సి.బి.ఐ. చేతికి పోయింది. పట్టుకుపోయిన ఈ కుర్రాళ్ళ మీద స్థానిక పోలీసులు పెట్టినవి వేరే కేసులు. కుట్ర చేశారని, జిహాదీ సి.డి.లు వున్నాయని. అంటే కాగితం మీద ఒక కేసు, పత్రికల్లో మరో కేసు. ఛార్జిషీటులో రాయడానికి ధైర్యం చాలని మాటను ‘వర్గాల’ నోటితో చెప్పించారు. కోర్టులో పెడితే రుజువు అడుగుతారు. విలేకరికి చెబితే టీ ఇచ్చి కూర్చోబెడతారు.

పోలీసుల ఎదుట ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలైలో దాని స్థానంలోకి వచ్చిన కొత్త చట్టం కూడా ఆ నియమాన్ని తీసెయ్యలేదు. లాఠీ ఎలాంటి మాటనైనా పలికిస్తుందని దొరకు కూడా తెలుసు కనుకనే ఆ రక్షణ పెట్టాడు. మరి కోర్టులో చెల్లని కాగితం జనం ముందు ఎలా చెల్లుతోంది? ‘విచారణలో నేరం ఒప్పుకున్నాడు’ అనే వాక్యం తెలుగు పత్రికల్లో ఎన్ని వందలసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. చట్టం మూసిన తలుపును లీకు పక్క కిటికీగుండా తెరుస్తోంది. ఆ కిటికీ దగ్గర కాపలా వుండాల్సిన మంత్రి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ కుర్రాళ్ళు నెలల తరబడి జైల్లో వున్నారు. కోర్టులు ఒక్కొక్కరినే నిర్దోషులని విడిచిపెట్టాయి. 2012 జనవరిలో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం పరిహారం పంచింది. జైల్లో మగ్గి బయటపడ్డవారికి 3 లక్షలు, పట్టుకుని వదిలేసినవారికి 20 వేలు. దానితోపాటు సత్ప్రవర్తన సర్టిఫికెట్లు. ఎంత విచిత్రం! తప్పు చేసింది పోలీసు, సర్టిఫికెట్ అవసరమైంది మాకు. మా మంచితనానికి దస్తఖత్ పెట్టే అధికారం మళ్ళీ ఆ ప్రభుత్వానిదే. ఆ డబ్బు కూడా నిలవలేదు. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. నిర్దోషిగా విడుదలవడం ఒక్కటే పరిహారానికి ఆధారం కాదన్నది ఆ తీర్పు సారాంశం. న్యాయస్థానాన్ని ఏమనగలం? చట్టం చెయ్యకుండా చెక్కులు పంచిన ప్రభుత్వాన్ని అనాలి. హక్కుగా ఇవ్వాల్సినదాన్ని ఓట్ల ముందు ఖైరాతుగా ఇస్తే అది ఎంతకాలం నిలుస్తుంది?

ఇన్ని జరిగినా ఆ పేర్లను, ఆ కథలను బయటికి వదిలినవాడెవడో ఎవరూ తేల్చలేదు. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, హోం మంత్రి కె. జానారెడ్డి. రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. శాఖలోంచి రహస్యం పోతే అది కానిస్టేబుల్ తప్పా, మంత్రి తప్పా? పులిచింతలకో పోలవరానికో గండిపడితే ఇంజనీరును సస్పెండు చేసే రాష్ట్రంలో, పదుల కుటుంబాల ఇజ్జత్ కొట్టుకుపోతే ఒక్కరికి మెమో అయినా ఇచ్చారా?

ఇప్పుడు రెండో బీరువా సంగతి. మక్కామసీదు బయట జరిగిన కాల్పుల మీద జస్టిస్ వి. భాస్కరరావు కమిషన్‌ను వేశారు. 2010లో నివేదిక ప్రభుత్వానికి అందింది. 2014లో రాష్ట్రం రెండయ్యేనాటికి కూడా అది జనం ముందుకు రాలేదు. అయిదుగురు పౌరుల్ని పోలీసు తూటాలు ఎందుకు చంపాయో చెప్పే కాగితం అది. దానికి కాళ్ళు రాలేదు. దాన్ని ఏ విశ్వసనీయ వర్గమూ మోసుకురాలేదు. ఒకే సంఘటన, ఒకే శాఖ. కుర్రాళ్ళ పేర్లు గంటల్లో బయటికొచ్చాయి. కాల్పుల నిజం ఏళ్ళు గడిచినా లోపలే వుండిపోయింది. లీకు ప్రమాదవశాత్తూ జరిగే పని అయితే అప్పుడప్పుడైనా అటువైపు కూడా కారాలి కదా!

ఒక లీకు మాకు తీపిగా తగిలింది. దాన్ని గురించి కూడా మాట్లాడుకోవాలి. 2010 డిసెంబరులో స్వామి అసీమానంద మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం 2011 జనవరిలో తెహెల్కాలో అచ్చయింది. మక్కామసీదు పేలుడు వెనక హిందుత్వ ముఠా వుందని అందులో వుంది. జైల్లో తనకు సేవ చేసిన ఒక ముస్లిం కుర్రాడిని చూసి మనసు మారిందని కూడా వుంది. మా బస్తీల్లో ఆ రోజు పండగలాగే అనిపించింది. కానీ అదీ కోర్టుకన్నా ముందు పత్రికకు చేరిన కాగితమే. తరువాత ఆయన ఆ వాంగ్మూలాన్ని వెనక్కి తీసుకున్నాడు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ఎన్.ఐ.ఎ. ప్రత్యేక కోర్టు ఆయనతో సహా విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ నిర్దోషులని విడిచిపెట్టింది. తీర్పు చెప్పిన జడ్జి అదే రోజు రాజీనామా లేఖ ఇచ్చాడు. మక్కామసీదులో చనిపోయినవాళ్ళను ఎవరు చంపారు? చట్టం ప్రకారం ఎవరూ చంపలేదు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒక్కటే. లీకు న్యాయం చెయ్యదు. అది ఇవాళ మనకు అనుకూలంగా వున్నా, రేపు కోర్టులో నిలబడే పని లీకుది కాదు, ప్రాసిక్యూషన్‌ది. వార్త బయటికి వదిలి రాజకీయ లాభం తీసుకున్న ప్రభుత్వమే కేసును నిలబెట్టే బాధ్యత దగ్గరికి వచ్చేసరికి మాయమైంది. ముస్లిం కుర్రాళ్ళ పేర్లు వదిలిన ప్రభుత్వమూ, కాషాయం పేర్లు వదిలిన ప్రభుత్వమూ బాధ్యత విషయంలో ఒకే జాతి.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. ఆ రాత్రే కేంద్ర హోం మంత్రి సుశీల్‌కుమార్ షిండే, దాడి జరగవచ్చని రెండు రోజుల ముందే రాష్ట్రాలకు సమాచారం ఇచ్చామన్నాడు. అవి మామూలుగా వచ్చే హెచ్చరికలేనని రాష్ట్రం అంది. పేలుడుకు ముందు అది పరమ రహస్యం. పేలుడు తరువాత అదే పత్రికా ప్రకటన. జనం ప్రాణాలు కాపాడటానికి పనికిరాని సమాచారం మంత్రిగారి పదవిని కాపాడటానికి పనికొచ్చింది. అంతకుముందు నిర్దోషులుగా బయటపడ్డ కుర్రాళ్ళలో కొందరిని ఆ పేలుళ్ళ తరువాత మళ్ళీ పిలిచి ప్రశ్నించారు. సత్ప్రవర్తన సర్టిఫికెట్ చేతిలో పెట్టి నిండా పదమూడు నెలలైంది అప్పటికి.

పేరునుబట్టి రహస్యం మారుతుందనడానికి ఢిల్లీలోనూ సాక్ష్యాలున్నాయి. 2002 జూన్‌లో పాత్రికేయుడు ఇఫ్తికార్ గిలానీని అధికార రహస్యాల చట్టం కింద అరెస్టు చేశారు. ఆయన కంప్యూటర్‌లో దొరికింది ఇస్లామాబాద్ సంస్థ ఒకటి అచ్చేసి, ఎవరైనా చదువుకునేలా పెట్టిన కాగితం. ఏడు నెలలు తీహార్ జైల్లో వుంచాక, సైనిక ఇంటెలిజెన్స్ తన మాట తానే మార్చుకున్నాక, 2003 జనవరిలో ప్రభుత్వమే కేసు వెనక్కి తీసుకుంది. బజార్లో దొరికే కాగితం ముస్లిం ఇంట్లో దొరికేసరికి దేశ రహస్యమైపోయింది.

ఇక మరో సంగతి చూడండి. బాలాకోట్ మీద వైమానిక దాడి 2019 ఫిబ్రవరి 26న జరిగింది. ఫిబ్రవరి 23 నాటి వాట్సాప్ సంభాషణలో, పాకిస్తాన్ మీద ఏదో పెద్దది జరగబోతోందనీ, అది మామూలు దాడికన్నా పెద్దదనీ రిపబ్లిక్ టీవీ అధిపతి అర్ణబ్ గోస్వామి అన్నట్టు ముంబయి పోలీసుల ఛార్జిషీటు ద్వారా 2021 జనవరిలో బయటపడింది. ప్రతీకారం వుంటుందని ప్రభుత్వమే బహిరంగంగా చెప్పింది కదా అని ఆయన సమాధానం. కావచ్చు. అయితే ఆ సమాధానం నిజమో కాదో తేల్చడానికి విచారణ జరగాలి కదా? పార్లమెంటరీ సంఘంతో విచారణ జరిపించాలని ప్రతిపక్షం అడిగింది. ప్రభుత్వం వినలేదు. అదే 2019 మార్చిలో రఫేల్ కాగితాలు ది హిందూ పత్రికలో వచ్చినప్పుడు మాత్రం అవి దొంగిలించిన కాగితాలనీ, రహస్యాల చట్టం వర్తిస్తుందనీ అటార్నీ జనరల్ సుప్రీంకోర్టులో నిలబడి వాదించాడు. ఆ అభ్యంతరాన్ని ఏప్రిల్‌లో కోర్టు తోసిపుచ్చింది. ప్రభుత్వాన్ని ఇరుకునపెట్టే కాగితం దొంగసొత్తు. ప్రభుత్వానికి మేళం వాయించేవాడి దగ్గరున్న సమాచారం జర్నలిజం.

1994 నాటి ఇస్రో గూఢచర్యం కేసు ఇంకా పాతది. ఇంటెలిజెన్స్, పోలీసు వర్గాలు వదిలిన కథలతో పత్రికలు నెలల తరబడి పండగ చేసుకున్నాయి. కేసు కల్పితమని తేలింది. శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 2018లో సుప్రీంకోర్టు 50 లక్షల పరిహారం ఇప్పించింది. అది ఆయన హక్కు, సంతోషం. అదే కేసులో మూడేళ్ళకు పైగా జైల్లో మగ్గిన ఇద్దరు మాల్దీవుల ఆడవాళ్ళు మరియం రషీదా, ఫౌజియా హసన్. వాళ్ళ శీలాన్ని ఈ దేశపు పత్రికలు బజార్లో వేలం వేశాయి. వాళ్ళిద్దరినీ ఎవరు గుర్తుపెట్టుకున్నారు? కేసు ఒకటే, లీకు ఒకటే. పరిహారం దగ్గరికి వచ్చేసరికి పేరు అడ్డొచ్చింది.

మా లౌకికవాద మిత్రులకు ఇక్కడ ఒకమాట చెప్పాలి. మీరు మసీదు కూలినప్పుడు మా పక్కన నిలబడ్డారు. కృతజ్ఞతలు. కానీ ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని ఎన్నిసార్లు అన్నారో గుర్తు తెచ్చుకోండి. పేపర్లో ఒక ముస్లిం కుర్రాడి ఫోటో వచ్చినప్పుడు ‘ఏదో వుండే వుంటుంది’ అని పక్కకు తప్పుకున్న సభలు, సంతకం పెట్టకుండా తిప్పి పంపిన కరపత్రాలు మాకు గుర్తున్నాయి. పొగ ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. అది అధికారి నోట్లోని సిగరెట్టు పొగ కావచ్చు. విప్లవకారుడిని ఎన్‌కౌంటర్ చేసి పోలీసులు చెప్పే కట్టుకథను నమ్మని మీరు, అదే పోలీసులు ముస్లిం గురించి చెప్పే కథను ఎందుకు నమ్ముతారు? చెప్పేవాడు ఒకడే. వినేటప్పుడు మీ చెవి మారుతోంది.

ముస్లింల గొడవ మనకెందుకనుకునేవాళ్ళకు 2024 సమాధానం చెప్పింది. మావోయిస్టుల మీద నిఘాకని పెట్టిన ఎస్.ఐ.బి.లో రాజకీయ నాయకుల, వ్యాపారుల, జడ్జీల, పాత్రికేయుల ఫోన్లు విన్నారన్న ఆరోపణతో ఆ మార్చిలో అధికారుల అరెస్టులు మొదలయ్యాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం ఓడిపోయిన మర్నాడే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారన్నది కేసు. నిజానిజాలు కోర్టు తేల్చాలి. అయితే కేసు పెట్టిన కొత్త ప్రభుత్వ హయాంలో ఏం జరిగిందో చూడండి. నిందితులైన పోలీసు అధికారుల నేరాంగీకార వాంగ్మూలాలు పత్రికల్లో పేజీలకు పేజీలు వచ్చాయి. నిన్నటిదాకా ఇతరుల వాంగ్మూలాలు వదిలిన శాఖ ఇవాళ తన అధికారుల వాంగ్మూలాలు వదిలింది. వాళ్ళకూ అది అన్యాయమే. మా మీద చేసి చేసి అలవాటైన చెయ్యి ఎవరి మీదనైనా లేస్తుంది. పార్టీ మారింది, జెండా మారింది. కిటికీ మాత్రం అక్కడే తెరిచివుంది.

మేం రహస్యాల భక్తులం కాదు. ప్రభుత్వం చేసే నేరాన్ని, తన ఉద్యోగం పోతుందని తెలిసీ బయటపెట్టే చిన్న గుమస్తాను మేం నెత్తిన పెట్టుకుంటాం. వాడు పైనున్నవాడి మీద కిందినుంచి మాట్లాడుతున్నాడు, దానికి మూల్యం చెల్లిస్తున్నాడు. పదవిలో కూర్చుని, బందోబస్తు మధ్య వుండి, పేరు దాచుకుని, లాకప్‌లో వున్నవాడి మీద కథ వదిలేవాడు వేరు. వాడికి ప్రమోషన్ వస్తుంది. ఈ రెండింటినీ ఒకే ‘లీకు’ అనే మాటతో పిలవడం కూడా పాలకులకే లాభం. మొదటివాడిని జైల్లో పెట్టే చట్టాన్ని చూపించి రెండోవాడిని కాపాడుకోవచ్చు.

కాబట్టి మేం అడిగేవి దయాభిక్షలు కాదు.

కేసు వివరాలు చెప్పే అధికారి పేరు, హోదా, సంతకం వుండాలి. నిందితుడి హక్కులకు, పరువుకు భంగం కలగకుండా పోలీసులు పత్రికలతో మాట్లాడాలని 2010 ఏప్రిల్‌లోనే కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు సలహాపత్రం పంపింది. అది సరిపోదని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొత్త నియమావళి తయారు చెయ్యమంది. నియమాలు రాస్తే చాలదు. దాటినవాడి మీద చర్య తీసుకోని మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి.

తప్పుడు కేసులో ఇరికినవాడికి పరిహారం చట్టబద్ధమైన హక్కు కావాలి. లా కమిషన్ తన 277వ నివేదికలో 2018లోనే ఆ మాట చెప్పింది. ఆ చట్టం వుంటే మక్కామసీదు కుర్రాళ్ళ చెక్కులు హైకోర్టులో వీగిపోయేవి కావు. పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వచ్చిందో, నిర్దోషి అన్న మాట కూడా అంతే పెద్ద అక్షరాల్లో రావాలి. ఆ ఖర్చు లీకు చేసిన శాఖ భరించాలి.

చివరగా, జస్టిస్ భాస్కరరావు నివేదికను దాచినవాళ్ళు ఏ పార్టీవాళ్ళయినా సరే, దాని పూర్తి పాఠం మా చేతికి రావాలి. ఉర్దూలో, తెలుగులో అచ్చువేసి చార్మినార్ దగ్గర పంచండి. ఆ కాల్పుల్లో పోయిన అయిదుగురి తల్లులకు మీ విశ్వసనీయ వర్గాలు అక్కర్లేదు. కాల్చమన్నది ఎవరో, ఏ ఉత్తర్వుతో కాల్చారో, ఆ ఉత్తర్వుకు బాధ్యుడైన మంత్రి ఎవరో సంతకంతో సహా వాళ్ళకు కావాలి.